పిల్లకాయల కోసం ఆగిన మగ్గాలు

పొదటూరుపేటలో మా వీధికి కొత్తగా ఎవరు వచ్చినా ముందు చెవులు మూసుకుంటారు. ఇంటింటికీ మగ్గం ఉంది. కొన్ని ఇళ్ళలో రెండున్నాయి. నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ, పోగును బిగించే పలక దబదబా పడుతూ ఉంటే పక్కన కూర్చున్న మనిషిని పిలవాలన్నా భుజం తట్టాల్సిందే. మాకు మాత్రం అది చప్పుడు కింద లెక్క కాదు. అది ఆగితేనే ఉలిక్కిపడతాం.

ఎందుకంటే మా వీధిలో పగటిపూట మగ్గాలన్నీ ఒకేసారి ఆగేది ఒక్కదానికే, ఎవరైనా చనిపోతే. కబురు తెలియగానే ఎవరింట్లో వాళ్ళు నాడె తీసి నేల మీద పెట్టి, మగ్గం మీద పాత పంచె కప్పుతారు. శవం వీధి దాటేదాకా మళ్ళీ ఎవరూ మగ్గం గుంతలో కాలు పెట్టరు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు. మా తాతల కాలం నుంచీ ఉంది. అలిమేలమ్మ గురించి చెప్పాలంటే ముందు ఈ సంగతి చెప్పాలి.

అలిమేలమ్మ మా ఎదురింటి మనిషి. భర్త మునికృష్ణ. ఇంట్లో రెండు మగ్గాలు, ఇద్దరూ నేసేవాళ్ళు. ఒక్కతే కూతురు, అమృతవల్లి. రెండో తరగతి చదువుతుండేది. సందు దొరికితే చాలు వీధిలోకి పరిగెత్తే పిల్ల. ఆ రోజుల్లో బడి వదిలాక పిల్లలందరూ వీధి చివర అద్దకం షెడ్డు దగ్గర ఆడుకునేవాళ్ళు. నూలుకు రంగు వేసే పొన్నుస్వామిది ఆ షెడ్డు. వెనకాల రంగునీళ్ళు వదిలే గుంత ఒకటి ఉండేది. లోతు ఎక్కువ. గట్టు ఎప్పుడూ పాచిపట్టి జారుతూ ఉండేది.

డెబ్భై ఆరులో ఒక సాయంత్రం అమృతవల్లి అందులోకి జారింది. పొన్నుస్వామి ఆ రోజు నూలు కోసం తిరుత్తణికి పోయాడు. గట్టు పట్టుకుని చాలాసేపు అరిచిందని, అమ్మా అనే అరిచిందని, కూడా ఉన్న పిల్లలు తరవాత చెప్పారు. వాళ్ళూ అంతంత పిల్లలే. పైకి లాగే బలం లేదు. కొందరు అక్కడే నిలబడి కేకలు పెట్టారు, కొందరు ఇళ్ళ వైపు పరిగెత్తారు. వీధి నిండా మనుషులున్నారు. ఎవరి మగ్గంలో వాళ్ళున్నారు.

అలిమేలమ్మ గడప దగ్గరికి కూడా ఒక పిల్ల వచ్చింది. ఏదో చెబుతున్నట్టు నోరు కదులుతోంది. దాహమై వచ్చిందేమో అనుకుని అలిమేలమ్మ పలక ఆపకుండానే మూలన ఉన్న నీళ్ళకుండ చూపించింది. ఆ పిల్ల ఏడుస్తూ ఇంకో ఇంటికి పరిగెత్తింది. షెడ్డుకు దగ్గరింటి వాళ్ళు దిగి పరిగెత్తి పిల్లను బయటికి తీసేసరికి అంతా అయిపోయింది. కబురు ఆ చివర నుంచి ఈ చివరకు వస్తూ ఉంటే మగ్గాలు ఒక్కుమ్మడిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం విని అలిమేలమ్మ కూడా నాడె తీసి కింద పెట్టింది. గడప దాటి వచ్చి, "ఎవురు పోయినారు?" అని అడిగింది.

అడిగింది మమ్మల్నే.

పొన్నుస్వామి మర్నాడే ఆ గుంత పూడ్చేశాడు. అలిమేలమ్మ మళ్ళీ మగ్గం ఎక్కలేదు. మునికృష్ణ నేస్తూ ఉంటే ఇంట్లో ఉండలేకపోయేది. అరుగు మీద కూర్చునేది. ఉన్నట్టుండి లేచి లోపలికి పోయి అతని చెయ్యి పట్టుకునేది.

"నిలుపు. ఎవరో పిలస్తా ఉండారు."

మునికృష్ణ నిలిపేవాడు. ఇద్దరూ చెవులు పెట్టి వినేవాళ్ళు. పక్కింటి మగ్గం, దాని పక్కింటి మగ్గం, అంతే. "ఎవురూ లేరు లేమ్మే" అని అతను మళ్ళీ నాడె అందుకునేవాడు. రోజుకు ఎన్నిసార్లు లేపినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే ఆమెకే నయంగా ఉండేదేమో.

ఆ తరవాత మా వీధిలో ఏ తల్లీ పిల్లల్ని బయటికి వదల్లేదు. బడి నుంచి రాగానే లోపలికి లాగి రాట్నం ముందు కూర్చోబెట్టేవాళ్ళు. నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టమనేవాళ్ళు. పని జరుగుతుంది, పిల్ల కళ్ళ ముందుంటుంది. తప్పని ఎవరంటారు? అలా ఏళ్ళు గడిచాయి. సాయంత్రం పూట వీధిలో కోళ్ళు తప్ప మరేం తిరిగేవి కావు.

బళ్ళో మధ్యాహ్నం భోజనం పెట్టడం మొదలైనప్పుడు అలిమేలమ్మకు అక్కడ ఆయా పని దొరికింది. మగ్గం చప్పుడు వినబడని చోటు కాబట్టి ఇష్టంగానే పోయేది. ఒకరోజు పిల్లలు అన్నం తిన్న తట్టలు కడుగుతూ చూసింది. వేపచెట్టు నీడలో ఆడపిల్లలు కొందరు వరుసగా నేల మీద కూర్చుని కుడిచెయ్యి గిరగిరా తిప్పుతున్నారు. ఎడమచేత్తో లేని పోగు పట్టుకున్నారు. ఒక పిల్ల మాత్రం నిలబడి అందరినీ కసురుతోంది.

"ఏందే చేస్తా ఉండారు?" అంది అలిమేలమ్మ.

"ఆడుకుంటా ఉండాం పెద్దమ్మా."

"ఇదేం ఆటే?"

"కండెలాట. ఈమె అమ్మ. మేము చుట్టేవోళ్ళం. పోగు తెగితే ఈమె కొడతాది."

"ఇంగే ఆటా రాదా మీకు?"

పిల్లలు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో చిన్నది, అలిమేలమ్మ పక్కింటి కస్తూరమ్మ కూతురు వనజాక్షి, కొంచెం ఆలోచించి, "ఇంగొగటి ఉంది పెద్దమ్మా. జొరం ఆట" అంది.

"అదెట్లా?"

"జొరం వచ్చి పండుకోవాల."

"పండుకుని?"

"అంతే. జొరమొస్తే కండెలు చుట్టబల్లేదు గదా."

ఆ మాట అలిమేలమ్మకు ఎక్కడ తగిలిందో గాని, తట్టలు అక్కడే వదిలేసి తిన్నగా హెడ్మాస్టరు కేశవన్ దగ్గరికి పోయింది. బడి వదిలాక కొంచెంసేపు పిల్లల్ని ఇక్కడే ఆడనివ్వండి, నేను చూసుకుంటాను అని అడిగింది.

కేశవన్ మంచివాడే, భయస్థుడు. "గేటుకు తాళం వేసి తాళంచెవి నేను ఇంటికి తీసుకపోవాల అలిమేలమ్మా. పిల్లకాయలకి ఏమన్నా అయితే నా ఉద్యోగమే పోతాది. ఆట సామాన్లు పెట్టెలో ఉండాయి, కావాలంటే తీసుకో. చోటు మాత్రం నీ వీధిలోనే చూసుకో" అన్నాడు.

"వీధి ఉందయ్యా. దానికి చెవులే లేవు" అంది అలిమేలమ్మ.

పెట్టె తెరిచి చూస్తే తాడును ఎలుకలు కొరికేశాయి. బంతి నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. కేశవన్ సిగ్గుపడి పెట్టె మూసేశాడు.

అలిమేలమ్మ ఆ పూటే పని మొదలుపెట్టింది. నేత అయిపోయాక మగ్గం చివర మిగిలే పోగుల ముక్కల్ని ఇంటింటికీ పోయి అడిగి తెచ్చింది. వాటిని మూడు పేటలుగా పేని తాడాటకు తాళ్ళు చేసింది. మునికృష్ణ ఏమీ అడక్కుండానే చెత్తనూలు ఉండలుగా చుట్టి, పైన పాత చీరముక్క కుట్టి బంతులు చేసి అరుగు మీద పెట్టాడు. చింతగింజలు అరగదీసింది. విరిగిన మగ్గం కర్రల్ని నున్నగా గీకి కోలాటానికి సిద్ధం చేసింది. ఏ రోజు ఏ ఆట, ఏ తరగతి పిల్లలు వీధిలో ఏ చోట ఆడాలి, అన్నీ ఆలోచించింది. ఒకటో తరగతి వాళ్ళు మా అరుగు ముందు, కూర్చుని ఆడే ఆటలు. పెద్దవాళ్ళు నడివీధిలో. గంజి పెట్టి ఆరేసే పడుగులు మధ్యాహ్నానికే ఎత్తేస్తారు కాబట్టి సాయంత్రం వీధి ఖాళీగానే ఉంటుంది. షెడ్డు వైపు మాత్రం అడ్డంగా తాడు కట్టాలి. దాన్ని దాటి ఎవరూ పోకూడదు.

అంతా అయ్యాక ఒక్కటి మిగిలింది. అదే అసలైనది. మగ్గాలు ఆగాలి. పిల్లలు ఆడే ఆ కాసేపు వీధిలో ఒక్క నాడె కూడా కదలకూడదు. పిల్ల అరిస్తే వినబడాలి. అది లేకపోతే తాళ్ళూ బంతులూ ఎందుకూ పనికిరావు.

మేస్త్రి జగన్నాథన్ ఇంటి అరుగు మీద వీధివాళ్ళం కూడాం. మాకందరికీ నూలు ఇచ్చి బట్ట తీసుకునేది ఆయనే. అలిమేలమ్మ మాట విని వక్కాకు నమలడం ఆపాడు.

"మగ్గం నిలపాలా? ఎవురు సచ్చినారని?"

"ఎవురూ సావకూడదనే అడగతా ఉండా జగన్నాథన్నా."

మా వీధిలో అందరికంటే పెద్దది తాయమ్మవ్వ. "మగ్గాలు ఊరికే నిలిపితే సావును పిలిచినట్టే మే. వద్దు" అంది.

తంగరాజుకు ఎప్పుడూ నోరు ఊరుకోదు. "పిల్లకాయలు ఆడతారు సరే, అంతసేపు మేమేం చేయాల వదినా? మమ్మల్ని గూడా చేర్చుకుంటావా? నాకు గోలీలు బాగా వస్తాయి."

"నువ్వు నేసేది గూడా గోలీలాటే గదరా. మూరకి నాలుగు తప్పులు" అంది తాయమ్మవ్వ. అందరూ నవ్వారు. తంగరాజు కూడా నవ్వాడు.

అలిమేలమ్మ నవ్వలేదు. నవ్వులు అయ్యేదాకా ఆగి, మెల్లిగా మొదలుపెట్టింది.

"నా బిడ్డ పోయిన పొద్దు మీరంతా నిలిపినారు. ఒగ ఇల్లు గూడా తప్పలా. ఎత్తుకపోయిందాకా ఒగ నాడె ఆడలా. నేను మరిచిపోలేదన్నా. కానీ సచ్చినాక నిలిపినారు. ఆ నిలిపింది ఏదో బతికుండగా రోంతసేపు నిలిపుంటే, ఎవురో ఒగరు వినుందురు గదా?"

కస్తూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జగన్నాథన్ వీధిలోకి ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు.

"సరే" అన్నాడు చివరికి. "బడి వదిలినాక, దీపం పెట్టేలోగా రోంతసేపు. కానీ ఒగ మాట. ఆడి మాసం వస్తే తిరుత్తణి కిరుత్తిగ పండక్కి పసుపు బట్ట పోవాల. కావడి మోసేవోళ్ళు కాచుకుని ఉంటారు. అప్పుడు ఎవురూ నిలిపేది లేదు."

మొదటి సాయంత్రం నాకింకా కళ్ళ ముందే ఉంది. బడి గంట కొట్టారు. చెప్పిన మాట ప్రకారం ఇళ్ళన్నీ ఒకేసారి నిలిపేశాయి. దబదబలాడే వీధి ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఎవరింట్లోనో పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం వినబడింది. ఆ చివర పొన్నుస్వామి కాగులో నూలు కలిపే కర్ర వినబడింది.

పిల్లలు వచ్చారు. సంచులు అరుగుల మీద పెట్టారు. ఆడలేదు. రెండు వైపులా గోడలకు ఆనుకుని, చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడ్డారు. శవం పోయేటప్పుడు అలా నిలబడాలని మేమే వాళ్ళకు నేర్పాం.

అలిమేలమ్మ తాడు పట్టుకుని నడివీధిలో ఉంది. "ఆడండే! రండి, ఈ కొన పట్టుకోండి ఎవురైనా!"

ఒక్కరూ కదల్లేదు. ఒకటో తరగతి పిల్ల ఒకతి ఆమె కొంగు పట్టుకుని గుసగుసగా, "పెద్దమ్మా, ఎవుర్ని ఎత్తుకపోతారు?" అని అడిగింది.

అలిమేలమ్మ చేతిలోంచి తాడు జారిపోయింది.

అది చాలనట్టు, అప్పుడే కే.జీ.కండిగై నుంచి తాయమ్మవ్వ తమ్ముడి కొడుకు సుబ్బన్న బస్సు దిగి వచ్చాడు. భుజాన వంకాయల సంచి. వీధి మలుపు తిరిగాడు. ఒక్క మగ్గం కూడా ఆడడం లేదు. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. తలకు చుట్టిన తువ్వాలు లాగి, "అయ్యో అత్తా! నన్ను చూడకుండానే పోతివా!" అని గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

తాయమ్మవ్వ గడప మీద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటోంది. "ఏందిరా ఆ ఏడుపు?"

సుబ్బన్న ఉన్నచోటే నిలబడిపోయాడు. "అత్తా! నువ్వు ఉండావా?"

"ఉండా గాబట్టే అడగతా ఉండా. వంకాయలు తెచ్చినావా?"

మగవాళ్ళందరూ పగలబడి నవ్వారు. తంగరాజు నేల మీద కూర్చుండిపోయాడు. సుబ్బన్నకు కోపం వచ్చి సంచి విసిరికొట్టాడు. ముసలామె మాత్రం నవ్వలేదు. నూనె గిన్నె పట్టుకుని లేచి లోపలికి పోతూ, "బతికుండగానే నాకు ఏడుపు వినిపించినావు గదే అలిమేలూ" అంది.

మర్నాడు ఒక్క మగ్గం ఆగలేదు.

అలిమేలమ్మ అరుగు మీద తాళ్ళు పక్కన పెట్టుకుని కూర్చుంది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు మునికృష్ణ మగ్గం దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. తరవాత, "ఒగేసారి నిలిపినావు. సావుకే గదా అట్ల ఒగేసారి నిలిచేది" అన్నాడు.

ఆమె తిరిగి చూసింది. ఆ సాయంత్రమే మళ్ళీ ఇంటింటికీ పోయింది. ఈసారి అడిగిన తీరు వేరు. గంట కొట్టగానే ఎవరూ ఆపొద్దు. ఎవరి పిల్ల ఇంటికి వస్తే ఆ పిల్ల సంచి దించి, అమ్మదో నాయనదో మగ్గం పలక మీద చెయ్యి పెట్టాలి. అప్పుడు ఆ ఒక్క మగ్గం ఆగాలి. నాడె తీయకూడదు. బట్టలోనే ఉంచాలి. పంచె కప్పకూడదు. పిల్లలు లేని ఇంటికి పక్కింటి పిల్ల పోయి చెయ్యి పెట్టాలి.

తాయమ్మవ్వ కూడా దీనికి అడ్డు చెప్పలేదు. "చెయ్యి పెడితే నిలిపేది వేరే. అది సావు కాదు" అంది.

అలాగే జరిగింది. బడి వైపు నుంచి ఒక మగ్గం ఆగింది. తరవాత దాని ఎదురిల్లు. పెద్దవాన వెలిసేటప్పుడు చుక్కలు ఒక్కొక్కటిగా తగ్గినట్టు చప్పుడు సన్నబడుతూ షెడ్డు దాకా పోయింది. చివరికి మిగిలింది మునికృష్ణ మగ్గం ఒక్కటే. వాళ్ళింట్లో చెయ్యి పెట్టేవాళ్ళు లేరు గదా. పక్కింటి వనజాక్షి లోపలికి పోయింది. మా అరుగు మీద నుంచి నాకు కనబడుతూనే ఉంది. ఆ పిల్ల పలక మీద చెయ్యి పెట్టింది. మునికృష్ణ ఆపేశాడు. ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయాడు. వనజాక్షి తీయలేదు. ఎప్పుడు తీయాలో ఎవరూ చెప్పలేదు పాపం.

"నిలిపేసినా గదా తల్లీ. పోయి ఆడుకో" అన్నాడు చివరికి, గోడ వైపు తిరిగి.

పిల్లలు ఆడారు. మొదట్లో గుసగుసగానే ఆడారు. గట్టిగా అరిచే అలవాటు తప్పిపోయింది వాళ్ళకు. బంతి తగిలితే కూడా నోరు మూసుకునేవాళ్ళు. తొక్కుడుబిళ్ళలో ఎవరిది తప్పో తగాదా వస్తే చేతులతో చూపించుకునేవాళ్ళు. తాయమ్మవ్వే ఒకనాడు కర్ర పట్టుకుని దిగింది. "మూగోళ్ళ మాదిరి ఆడతారేందే? తప్పు తప్పు అని అరవండి!" అని చెమ్మచెక్క, ఒప్పులకుప్ప నేర్పింది. కొన్ని వారాలకు వీధి పిల్లల గోలతో నిండింది. తంగరాజు నిజంగానే గోలీలకు కూర్చున్నాడు, మూడో తరగతి పిల్లల చేతిలో ఓడిపోయి గొణుక్కుంటూ లేచాడు.

అలిమేలమ్మ మాత్రం ఆడించేదే గాని నవ్వేది కాదు. పిల్లల మధ్యలో నిలబడి ఆమె దేన్నో వింటూ ఉండేది. ఎవరైనా అరిస్తే చాలు, అరిచిన పిల్ల వైపు కాదు, ముందు ఇళ్ళ వైపు చూసేది.

ఆడి మాసం వచ్చింది. పసుపు నూలు మూటలు జగన్నాథన్ ఇంటి ముందు దిగాయి. అన్న మాట మరిచిపోయే మనిషి కాదు ఆయన. సాయంత్రం ఆట మధ్యలోనే వచ్చి నిలబడ్డాడు.

"ఇంగ ఈ పొద్దుతో చాలు అలిమేలమ్మా. రేపట్నుంచి పండగ అయిందాకా మగ్గం నిలిపేది లేదు."

"పండగ అయ్యేసరికి పిల్లకాయలు మళ్ళా కండెలకే పోతారన్నా. ఒగసారి లోపలికి పోతే మళ్ళా బయటికి రారు."

"నేనేం చేసేది? బట్ట పోకుంటే వచ్చే ఏడు ఆర్డరు ఇంగో ఊరికి పోతాది. నిలిపే ఇంటికి నూలు ఇచ్చేది లేదు. చెప్పింది చెప్పినా."

అందరం విన్నాం. నూలు ఇయ్యను అంటే ఇంకెవరు మాట్లాడతారు? కస్తూరమ్మ తల దించుకుని లోపలికి పోయింది. జగన్నాథన్ ఇంటికి పోయాడు. అలిమేలమ్మ తాడు కొన పట్టుకుని, "ఆడండే, పొద్దు ఉంది ఇంగా" అంది పిల్లలతో. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

తాడు తిప్పుతూనే ఉన్నారు. వనజాక్షి దుమికింది. కాలు తాడులో చిక్కుకుని ముందుకు పడింది. మొగం నేలకు కొట్టుకుంది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, "అమ్మా!" అని అరిచింది.

ఒక్కటే అరుపు. ఇళ్ళన్నీ తెరుచుకున్నాయి.

కస్తూరమ్మ చేతులకు పిండితో వచ్చింది. తంగరాజు సగం గీసిన గడ్డంతో వచ్చాడు. తాయమ్మవ్వ కర్ర లేకుండానే వచ్చింది. జగన్నాథన్ చేతిలో కాఫీ గ్లాసు, కాళ్ళకు చెప్పులు లేవు. కాఫీ పంచె మీద ఒలికింది. ఎవరి బిడ్డ అని చూడకుండా అందరూ పరిగెత్తుకొచ్చారు. అంతమంది పెద్దవాళ్ళు తన చుట్టూ వంగేసరికి వనజాక్షి భయపడి ఏడుపే మానేసింది.

"యాడ తగిలింది? చూపించు!"

"నోరు తెరు తల్లీ!"

కస్తూరమ్మ నోట్లో వేలు పెట్టి చూసి, ఊపిరి వదిలింది. "పన్ను. పాలపన్ను. ఊడాల్సిందే ఊడింది."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పంటికా ఇంత అరుపు?" అన్నాడు తంగరాజు. అందరూ నవ్వడం మొదలుపెట్టారు. "ఎంత గట్టిగా అరిచిందబ్బా ఈ పిల్ల! లోపల గదిలో ఉంటిని, చెవి పక్కన అరిచినట్టు..." అంటూ జగన్నాథన్ తల ఎత్తాడు. ఎదురుగా అలిమేలమ్మ ఉంది. మాట అక్కడే ఆగింది. నవ్వులు కూడా ఆగాయి.

అలిమేలమ్మ పిల్ల దగ్గరికి రాలేదు. తాడు కొన చేతిలో అలాగే ఉంది. తెరిచి ఉన్న తలుపుల్ని ఒక్కొక్కటిగా చూస్తోంది.

తరవాత కస్తూరమ్మను అడిగింది. "నువ్వు యాడ ఉన్నావు?"

"పెరట్లో రుబ్బతా ఉన్నానక్కా."

"ఆడికి వినబడెనా?"

కస్తూరమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. "వినబడె."

తంగరాజును అడిగింది. వినబడిందన్నాడు. తాయమ్మవ్వకు ఒక చెవి సరిగా వినిపించదు. ఆమె కూడా వినబడిందే అంది. జగన్నాథన్‌ను అడగలేదు, ఆయన అప్పుడే చెప్పాడు. అయినా ఆయనే కళ్ళు దించుకుని, "వినబడిందమ్మా" అన్నాడు.

అలిమేలమ్మ షెడ్డు వైపు నడిచింది. అడ్డంగా కట్టిన తాడును తనే ఎత్తి దాటింది. పొన్నుస్వామి కాగు దగ్గరే ఉన్నాడు. వీధిలోకి రాలేదు. ఆ గుంత పూడ్చినప్పటి నుంచి ఆమె ఎదురుపడితే అతను పక్కకు తప్పుకునేవాడు. ఇప్పుడు తప్పుకోవడానికి చోటు లేదు.

ఆమె ఏం అడిగిందో, అతను ఏం చెప్పాడో మాకు వినబడలేదు. చాలా చిన్నగా మాట్లాడుకున్నారు. పొన్నుస్వామి మొదట తల అడ్డంగా ఊపడం మాత్రం చూశాం. ఆమె అక్కడే నిలబడింది. అతను కర్ర కాగులో వదిలేసి, తల పైకి కిందికి ఊపాడు.

ఆమె వెనక్కి వస్తూ ఉంటే పిల్లలు దారి ఇచ్చారు. జగన్నాథన్ ఖాళీ గ్లాసు పట్టుకుని ఇంకా అక్కడే ఉన్నాడు. ఆమె దాటి పోయాక తంగరాజుతో, "రేపు గూడా పిల్లకాయలు చెయ్యి పెడితే నిలపండి. తిరుత్తణి వోళ్ళకి నేను చెప్పుకుంటా" అన్నాడు. గట్టిగా అనలేదు. అయినా ఆ మాట వీధి మొత్తానికీ తెలిసింది. తల్లులు పిల్లల్ని లోపలికి పిలవలేదు. చీకటి పడేదాకా ఆడుకోనిచ్చారు.

అలిమేలమ్మ వచ్చి తన అరుగు మీద కూర్చుంది. మునికృష్ణ లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగలేదు.

"ఏం చెప్పినాడు పొన్నుస్వామి?" అన్నాడు.

"ఆ పిల్ల అరుపు వినబడిందంట. అంత దూరం."

మునికృష్ణ పక్కన కూర్చున్నాడు. నడివీధిలో పిల్లలు మళ్ళీ తాడు తిప్పుతున్నారు. ఎవరో తప్పు తప్పు అని అరుస్తున్నారు. అలిమేలమ్మ వాళ్ళనే చూస్తూ, "రేపు చిన్నోళ్ళకి తాడు వద్దు. బంతి ఇస్తాం. ఆ పిల్లకి పన్ను పచ్చి మానాల గదా" అంది.

"సరే" అన్నాడతను.

కాసేపటికి మళ్ళీ ఆమే అంది. "అమ్మా అనే మాట గూడా తెలిసిందంట."